కరిసల్ తాతకు పరివట్టం

కోవిల్‌పట్టి,
కార్తిగై నెల, వాన వెలిసిన రోజు

బృందక్కకు నీ పిన్ని కూతురు యువరాణి దండం పెట్టి రాసేది.

ఫోన్‌లో రెండు ముక్కలు కొట్టకుండా ఇంత జాబేమిటని ముక్కున వేలేసుకోకు. నా ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది. పాప పాటలు వింటుంది, మీ మరిది లారీ ఎక్కడుందో వెతుకుతాడు, మెసేజ్ మోగితే మా మామ "ఎవరుమా?" అంటాడు. అవ్వ మనిద్దరికీ నేర్పిన తెలుగు అక్షరాలు ఈ ఇంట్లో ఇంకెవరికీ రావు. అంతకంటే మంచి తాళం ఏముంది?

మన కులంవాళ్ళ కూటం కోసం మన మహేంద్రన్ పెట్టిన యాప్ సంగతి నీకు తెలుసు. దాని పేరూ కూటమే. ఎవరైనా మన ఆచారం గురించి అడుగుతారు, తెలిసినవాళ్ళు తమిళ అక్షరాల్లో మన తెలుగు రాస్తారు. నచ్చితే పైబాణం, నచ్చకపోతే కిందిబాణం. పైబాణానికి పాయింట్లు పెరుగుతాయి, కిందిబాణానికి తరుగుతాయి. పెళ్ళిలో మేనమామ ఏ పక్క నిలబడాలని ఒకరు అడిగారు. అవ్వ చెప్పినదంతా నా పేరుతోనే రాశాను. రెండే ఓట్లు. అందులో ఒకటి నీది. కింద ఒకాయన "ఇంట్ల పెద్దోళ్ళను అడిగి రాయిమా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. వారం ఆగి అదే జవాబు, ఒక్క అక్షరం మార్చకుండా, ఇంకో పేరుతో, మన నల్లరేగడి నేల పేరు కలిపి, పెట్టాను. "కరిసల్ తాత." బొమ్మగా విత్తనాల కంపెనీ కేలండర్‌లో తలగుడ్డ చుట్టుకొని నవ్వే ముసలాయన. అక్కా, సాయంత్రానికి నలభై ఓట్లు! నన్ను పెద్దల్ని అడగమన్న ఆయనే "ఇట్లాంటి పెద్దోళ్ళు ఇంకా ఉండారే! తాతా, నీ కాళ్ళకు దండం" అని రాశాడు. కాళ్ళకు మెట్టెలున్నాయని చెబుదామా అనుకున్నా.

ఈ గుట్టు నీకు తప్ప ఎవరికీ తెలియదు. యాప్‌కు నా ముఖమే తాళంగా పెట్టాను.

నీ
యువ

*

విరుదునగర్,
కార్తిగై నెలాఖరు

ఓ కరిసల్ తాతా,

కడుపుబ్బ నవ్వాను. నవ్వు ఆగాక కొంచెం కోపం వచ్చింది, నీ మీద కాదు.

నువ్వు ఆ ఓట్లను చూసి మురిసిపోకు. మా ఇంటాయన ఎలా ఓటేస్తాడో చెబుతా విను. పప్పుల మండీలో బేరం లేని వేళ గోతం మీద కూర్చొని యాప్ తెరుస్తాడు. చదవడు. తనకు ఎవరు పైబాణం వేశారో చూసి వాళ్ళకు తిరిగి వేస్తాడు. అడిగితే "పెండ్లి మొయ్యి మాదిరి తాన్ బృందా. వాళ్ళు పెట్టినారు, మనం పెట్టాల గదా" అన్నాడు. ఓటు కూడా చదివింపు అయిపోయింది! పురిటి మందు గురించి ఎవరో అడిగితే ఒకడు వెక్కిరింతగా "బాలింతకు ఎండుమిరపకాయ పరోటా" అని రాశాడు. దానికే అందరికంటే ఎక్కువ ఓట్లు. నాలుగు కాన్పులు చూసిన పుష్పం అత్త రాసింది అడుగున పడి ఉంది. నవ్వించినవాడు పైకి, ముందుగా వచ్చినవాడు పైకి, తలగుడ్డ ఉన్నవాడు పైకి. మిరపకాయ రంగు చూసి కొని కారం లేదని ఏడ్చేవాళ్ళను ఈ ఊళ్ళో రోజూ చూస్తున్నా.

అయినా ఒకటి ఒప్పుకుంటాను. నువ్వు కోడలివని తెలియకపోవడం వల్లే నీ మాట నలుగురి చెవినీ పడింది. ఏ పంచాయతీలోనూ అది జరిగేది కాదు. రాస్తూ ఉండు.

మిరపఘాటుకు తుమ్ముతూ,
బృంద

*

కోవిల్‌పట్టి,
మార్గళి, ముగ్గుల పొద్దు

అక్కా,

పెద్ద కబురు. శివరాత్రికి వీరచిన్నమ్మ గుడిలో తలకు మర్యాదగా చుట్టే ఆ పరివట్టం ఎవరికి కట్టాలని ప్రతి ఏడూ జరిగే కొట్లాట నీకు తెలుసు. పోయిన ఏడు ఆ మూరెడు పట్టుగుడ్డ కోసం రెండు ఇళ్ళ మధ్య మాటలు తెగిపోయాయి. ఈసారి గుడి పెద్ద చెల్లదురై మామ, ఇంకా నలుగురు పెద్దలు కూర్చొని ఒక దారి కనిపెట్టారు. కూటం యాప్‌లో ఎవరికి ఎక్కువ పాయింట్లుంటే వాళ్ళ తలకే పరివట్టం, మొదటి విబూది! మాట మార్చబోమని అమ్మవారి ముందు అరచేత్తో కర్పూరం ఆర్పి సత్యం చేశారట. యాప్‌లో వీడియో పెట్టారు. ఒక్కరికైనా ఆడవాళ్ళు కూడా అందులో రాస్తారన్న తలపే రాలేదు.

ఇప్పుడు మొదట ఉన్నది కరిసల్ తాత. చాలా వెనక నాలుగో చోట మా మామ శంకరలింగం. ఆయన చెబుతూ ఉంటే ఆయన ఫోన్‌లో కొట్టేది నేనే. నిన్న "ఈ కరిసల్ ముసలోడు ఎవడో మా! వానికి ఎట్ల ఎదురు చెప్పేది?" అని నన్నే అడిగాడు. నేను పొయ్యి వైపు తిరిగి "తెలీదే మామా" అన్నాను. ఆయన చెప్పిన ఎదురుమాట ఒక్క ముక్క తగ్గించకుండా కొట్టి, నా ఫోన్‌లో దానికి నేనే జవాబిచ్చాను. మామ ఓడిపోయాడు. మధ్యాహ్నం కూటు కూరలో ఉప్పు లేదన్నాడు.

యువ

*

విరుదునగర్,
మార్గళి, చలి పొద్దు

యువా,

నవ్వులాట ఆపి నేను అడిగినదానికి నేరుగా చెప్పు. ఆ పరివట్టం నీకు కావాలా, వద్దా?

వద్దంటే ఇప్పుడే తాతను చంపేసి కేలండర్ మీదికి పంపించు. కావాలంటే నేను వెనకుంటా. మధ్యలో వేలాడకు.

అక్క

*

కోవిల్‌పట్టి,
తై నెల, పత్తి ఏరే రోజులు

అక్కా,

నీ జాబు వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి నాకు చేయి రాలేదు. ఇప్పుడు రాస్తున్నదీ ఒళ్ళు మండే.

టీ కొట్టులో చెల్లదురై మామ ఊరికే "ఏం శంకరలింగం, ఆ కరిసల్ తాత నువ్వు తానే? మాటలన్నీ మీ ఇంటి మాటల మాదిరే ఉండాయే" అన్నాడట. మా మామ కాదనలేదు. అవుననీ అనలేదు. మీసం సవరించుకొని "ఎవరో ఒగరు చెప్పాల గదప్పా" అన్నాడట! అంతే. ఇప్పుడు ఊరంతా ఆయనే తాత. టీకి డబ్బు తీసుకోవడం లేదు, పెళ్ళి పత్రికల మీద పేరు వేయిస్తున్నారు. ఇంటికొచ్చి ఎవరినీ అడగనట్టుగా "ఆ తాత ఈ పొద్దు ఏమి రాసినాడు మా?" అని అడుగుతాడు. నేను చదివి వినిపిస్తా. ఆయన తల ఊపి, దాన్నే పోయి కొట్టులో చెబుతాడు. నేను రాసింది, నేనే చదివింది, ఆయన మీసం మీదుగా ఊరికి పోతోంది.

మొదటి రెండు రోజులు నవ్వొచ్చింది. మూడో రోజు పరివట్టానికి సరిపోయేలా తల వెంట్రుకలు కత్తిరించుకొని వచ్చాడు. అప్పుడు ఏడుపొచ్చింది.

మామ చెడ్డవాడు కాదు అక్కా. నేను వచ్చినప్పటి నుంచి నన్ను ఒక్క మాట అనలేదు. అలాగని నాతో ఒక్క సంగతీ మాట్లాడిందీ లేదు. కోడలికి చెప్పేది ఏముంటుందని. అలాంటాయన చూస్తుండగా ఆ గుడ్డ నా తలకు కట్టాలి. అవ్వ మాటలన్నీ గుర్తు పెట్టుకొన్నది నేను. ఇదిగో, నేరుగానే చెప్పాను. నాకు కావాలి. కానీ నలుగురిలో ఆయన తల దించడం నా వల్ల కాదు. ఏం చేయాలో తోచడం లేదు.

యువ

*

విరుదునగర్,
తై నెల

యువా,

నీ జాబు అందింది. ఇక్కడ కందులు దిగాయి, ఇల్లంతా దుమ్ము. మా ఇంటాయనకు జలుబు. నువ్వు పంపిన పల్లీల కడలై మిఠాయి పిల్లలు నాకు మిగల్చలేదు.

వేరే సంగతులేమీ లేవు. వీలున్నప్పుడు యాప్ చూడు.

బృంద

*

కోవిల్‌పట్టి,
మాసి నెల మొదలు

ఒసే బృందక్కా!

కందులు, దుమ్ము, జలుబు! నీ నాటకం నాకు తెలియదనుకొన్నావా?

"పరివట్టం కట్టే ముందు కరిసల్ తాత అమ్మవారి ఎదుట తన కూటం లెక్కను, అదే ఆ యాప్ ఖాతాను, తెరిచి చూపాల. కర్పూరం ఆర్పి సత్యం చేయాల. లేకపోతే మీసం ఉండే ప్రతివాడూ తాతే." రాసినది విరుదునగర్ బాలచందర్ అట! బావకు చదివే ఓపికే లేదంటివి, ఇంత అందంగా రాసే ఓపిక ఎక్కడిది? అరవై మంది పైబాణం వేశారు. పెద్దలు సరేనన్నారు.

మామ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు నేను పిండి రుబ్బుతుంటే వాకిట్లో నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

"యువరాణీ, నీకు ఈ ఫోను పనులన్నీ తెల్సు గదా. ఆ తాత లెక్కను ఎట్లైనా తెరవొచ్చునా మా? ఒగ నాటికి తాన్."

నా లెక్కకు నన్నే కన్నం వేయమంటున్నాడక్కా! నవ్వు ఆపుకోలేక చేతి పిండి కడుక్కొనే సాకుతో పెరట్లోకి పోయాను. నా ఫోన్‌కు ముఖం చూపించి యాప్ తెరిచి, తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన కళ్ళు ఇంతయ్యాయి.

"ఇంత సుళువా! అప్పుడు బేంకిల ఉండే మన దుడ్డు గతేమి?"

"అది గట్టి తాళం మామా" అన్నాను. అప్పటి నుంచి నన్ను కొంచెం భయంగా చూస్తున్నాడు. కోడలు దొంగని తెలిసింది కదా.

శివరాత్రి మరునాడు పొద్దున పొంగలి. ఆ ఫోన్ ఆయన జేబులో వస్తుంది, ఆయన వెనక నేను వస్తాను. నువ్వు పెట్టిన చిచ్చు, నువ్వే వచ్చి చూడు.

యువ

*

విరుదునగర్,
మాసి నెల

యువా,

నేను రాలేను. మినుముల గోతం మీది నుంచి జారి చీలమండ వాచింది. దేవుడున్నాడు అనుకొంటున్నావేమో, అనుకో.

అవును, రాసింది నేనే. మా ఇంటాయన తుమ్ముతూ పడుకొన్నప్పుడు ఆయన ఫోన్‌లోనే. నిన్ను అడిగితే వద్దంటావని అడగలేదు. ఇప్పుడు ఆయన్ను మండీలో అందరూ "ఏమి తెలివప్పా నీకు!" అని పొగుడుతున్నారు. ఆయన ముందు తికమకపడి, ఇప్పుడు నిజంగా తానే రాశానని నమ్ముతున్నాడు. ఈ మగవాళ్ళందరికీ ఒకటే జబ్బు.

నువ్వు మామ తల దించనక్కరలేదు. నువ్వేమీ మాట్లాడకు. అమ్మవారు ఉంది, కర్పూరం ఉంది. ఆయన దేవుడికి భయపడే మనిషని నువ్వే ఎన్నోసార్లు చెప్పావు. కానీ ఆయన నిన్ను అడిగితే మాత్రం అబద్ధం చెప్పకు. నా మీద ఒట్టు.

అక్క

*

కోవిల్‌పట్టి,
శివరాత్రి అయిన మూడో రోజు

అక్కా,

వరుసగా రాస్తా, ఓపికగా చదువు.

గుడి ముందు షామియానా, కింద మగవాళ్ళు, ఓ పక్క పొంగలి కుండల దగ్గర మేము. మహేంద్రన్ మైకు పట్టుకొని "కరిసల్ తాత రావాల" అన్నాడు. మామ లేచాడు. చప్పట్లు. జేబులోంచి నా ఫోన్ తీశాడు. పొద్దున నేను తెరిచి ఇచ్చినదే, దారిలో మూసుకుపోయింది. ముఖం చూపించమంది. మామ చూపించాడు. ఒప్పుకోలేదు. కళ్ళజోడు తీశాడు. ఒప్పుకోలేదు. మీసం కిందికి నొక్కి చూపించాడు! మగవాళ్ళలో నవ్వు మొదలైంది. "వెలుతురు చాలలే" అన్నాడు, నడినెత్తిన ఎండ కాస్తుంటే.

పూజారి వీరసామి తాత "ఫోను ఉండనీప్పా, దాని సత్యం మనకేల" అని పళ్ళెంలో కర్పూరం వెలిగించి మామ ముందు పెట్టాడు. "ఆ తాత నేను తాన్ అని చెప్పి ఆర్పు, శంకరలింగం."

మామ చేయి ఎత్తాడు. మంట దాకా పోయింది. అక్కడే ఆగిపోయింది. అక్కా, ఆయన ముఖం చూసి నాకు గుండె నీరైపోయింది. టీ కొట్టులో మీసం సవరించుకోవడం వేరు, వీరచిన్నమ్మ ఎదుట అరచెయ్యి పెట్టడం వేరు. నువ్వు అన్నట్టు నేను పెదవి విప్పలేదు.

ఆయన చేయి దించి, మా కుండల వైపు తిరిగి, అందరూ వింటుండగా అడిగాడు.

"యువరాణీ, ఆ పొద్దు అంత సుళువుగా ఎట్ల తెరిస్తివి మా?"

"అది నాది కాబట్టి మామా" అన్నాను.

మామ మా కుండల దాకా నడిచి వచ్చాడు. ఫోన్ నా ముఖానికి ఎదురుగా పట్టుకొన్నాడు. తెరుచుకొంది. మహేంద్రన్ చూసి తల ఊపాడు. అప్పుడు లేచింది గోల! "ఆడకూతురు తలకు పరివట్టమా? ఎప్పుడూ లేదే!" అని చెల్లదురై మామ. "ఫోన్‌కు కట్టేస్తే సరి, పాయింట్లు ఉండేది దాంట్ల తానే" అని వెనక నుంచి ఎవరో. నలుగురు "సరే సరే" అన్నారు కూడా.

వీరసామి తాత విసుక్కొన్నాడు. "ఫోనుకు తల యాడ ఉందప్పా? సత్యం చేసింది మీరు. ఆరిపోయే లోపల ఎవరో ఒగరు రాండి."

నేను పోయి అరచెయ్యి పెట్టి ఆర్పాను. కాలింది, తెలియలేదు. పట్టుగుడ్డ నా తలకు చుట్టారు. కొప్పు మీద నిలబడక జారుతుంటే ఒక చేత్తో పట్టుకొని, ఇంకో చేత్తో మొదటి విబూది తీసుకొన్నాను. నా వెనక మామ చేయి చాచాడు. అంతమందిలో ఏడ్చేశాను అక్కా. సంతోషమే, పూర్తిగా సంతోషమే అని మాత్రం చెప్పలేను.

ఎందుకంటే ఆ పొద్దు నుంచి మామ నాతో మాట్లాడలేదు. టీ కొట్టుకూ పోలేదు. యాప్‌లో సంగతి అడగకు. సాయంత్రానికే నా పాత జవాబులన్నిటి మీదా కిందిబాణాలు. కిందిబాణం వేసినవాళ్ళ పేర్లు కనబడవు కదా, ధైర్యం ఎక్కువ. నలభై ఓట్లు వచ్చిన మేనమామ జవాబు ఇప్పుడు సున్నా కింద ఉంది. జవాబు అదే, తలే మారింది. అది పోతే పోయింది. ఇంట్లో ఈ మౌనమే నన్ను తినేస్తోంది.

యువ

*

విరుదునగర్,
మాసి నెల

నా బంగారు తల్లికి,

జాబు నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి మా ఇంటాయనకు వినిపించాను. ఆయన "చూస్తివా, నా ఐడియా తాన్" అన్నాడు. వాచిన కాలితోనే తన్నబోయాను.

పాయింట్లు పోనీ. వేసిన చేత్తోనే తీసేసే దానికి ఏడుస్తారా? ఒకటి గమనించావా, యాప్‌లో ఈ వారం కొత్తగా "కరిసల్ అవ్వ", "మండీ అవ్వ", "తుమ్ముల అవ్వ" అని ముగ్గురు చేరారు. మూడోది నేను. మిగతా ఇద్దరు ఎవరో నాకూ తెలియదు. ఒకరు పుష్పం అత్త అని అనుమానం. పేరు దాచుకోవడం దొంగలకే కాదు, మనకూ పనికొస్తుంది.

మామ సంగతే నాకూ దిగులుగా ఉంది. ఆయన్ను అలా నిలబెట్టింది నేను రాసిన ముక్కే. తిట్టాలనుకొంటే నన్ను తిట్టమను, విరుదునగర్ బస్సెక్కి వచ్చి తిట్టమను. నువ్వు మాత్రం తప్పు చేసినదానిలా ఆయన ముందు తిరగకు.

అక్క

*

కోవిల్‌పట్టి,
మాసి నెలాఖరు

అక్కా,

రెండు ముక్కలు రాసి బస్సు కండక్టర్ చేతికి ఇస్తున్నాను, తపాలా దాకా ఆగలేను.

ఈ పొద్దున యాప్ తెరిస్తే ఇంకో కిందిబాణం. మొదటి పొంగలికి ఏ కట్టె పెట్టాలన్న జవాబు మీద. నేను తుమ్మ కట్టె అని రాసి ఉన్నాను. అందరిలా వేసి పారిపోకుండా ఈ ఒక్కరు కింద పేరు పెట్టి రాశారు. "తప్పు. తుమ్మ కాదు, పత్తి కట్టె. మా అమ్మ పత్తి కట్టె మీదనే పొంగించేది. తెలీకపోతే అడగాల. ఇట్లు, శంకరలింగం." ఎవరి చేతా కొట్టించలేదు. ఒక్కో అక్షరం తానే వెతుక్కొని కొట్టినట్టున్నాడు, సగం తప్పులు.

ఫోన్ పట్టుకొని వాకిట్లోకి పోయాను. మామ పేపర్ చదువుతున్నాడు.

"మీరు తానా మామా ఈ కిందిబాణం వేసింది?"

పేపర్ దించలేదు. "ఆమా. తప్పు రాసినావు, వేస్తిని. ఇంకా రెండు జవాబులు ఉండాయి, అవీ తప్పే. నింపాదిగా వేస్తా."

"తుమ్మే మామా. మా అవ్వ చెప్పింది."

పేపర్ దిగింది. "మీ అవ్వది ఏ ఊరు? కారియాపట్టి పక్క గదా? వాళ్ళకు పొంగలి గురించి ఏమి తెల్సు?"

అక్కా, నేను ఈ ఇంటికి వచ్చి ఇన్నేళ్ళయింది, మామ నాతో వాదానికి దిగడం ఇదే మొదటిసారి. పాలు పొంగిపోయాయి, పాప బడికి ఆలస్యమైంది, మీ మరిది బిత్తరపోయి చూస్తున్నాడు, మేమిద్దరం ఇంకా కట్టెల దగ్గరే ఉన్నాం. ఆ పట్టుగుడ్డ కట్టినప్పుడు కూడా నాకు ఇంత గొప్పగా అనిపించలేదు.

ఆయన కాఫీకి లోపలికి వచ్చాడు, ఇక్కడితో ఆపుతున్నా. తుమ్మ కట్టె అని నేను వదిలేది లేదు.

యువరాణి